రెండు రాళ్లతో రెండు ఇళ్లు: కబాలాకు సైన్స్‌తో ఉన్న అసలు చుట్టరికం

విక్టర్ వైస్కాఫ్ చెప్పిన ఒక ముచ్చట భౌతిక శాస్త్రవేత్తల మధ్య చాలాకాలంగా తిరుగుతోంది. ఆయన ఒకసారి గెర్షోమ్ షోలెమ్‌తో మాట్లాడుతున్నాడు. షోలెమ్ అంటే యూదుల మార్మిక సంప్రదాయమైన కబాలాను చరిత్రకారుడి కళ్లతో, పద్ధతిగా చదివి ప్రపంచానికి చూపించిన పండితుడు. మీ ఫిజిక్స్‌లో ఇంకా తేలని ప్రశ్న ఏదైనా ఉందా అని షోలెమ్ అడిగాడు. 137 అనే సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలియదు అన్నాడు వైస్కాఫ్. ఆ మాట వినగానే షోలెమ్ కళ్లు మెరిశాయట. హీబ్రూలో ‘కబాలా’ అనే మాటకు వచ్చే సంఖ్య కూడా 137 మరి.

ఎవరైనా కూడి చూసుకోవచ్చు. హీబ్రూ సంప్రదాయంలో అక్షరాలే అంకెలుగా కూడా పనిచేస్తాయి. కబాలా అని రాయడానికి నాలుగు అక్షరాలు కావాలి. కోఫ్ విలువ 100, బేత్ 2, లామెద్ 30, హే 5. మొత్తం 137. ఇలా మాటను సంఖ్యగా మార్చి చదివే పద్ధతిని గెమాత్రియా అంటారు.

ఫిజిక్స్‌లోని 137 సంగతి వేరు. ఎలక్ట్రాన్ లాంటి ఆవేశం ఉన్న కణానికీ కాంతికీ మధ్య పట్టు ఎంత గట్టిదో చెప్పే స్థిరాంకం ఒకటుంది. ఫైన్ స్ట్రక్చర్ కాన్‌స్టెంట్ అంటారు. 1916లో జర్మన్ శాస్త్రవేత్త సోమర్‌ఫెల్డ్ దీన్ని ప్రవేశపెట్టాడు. విలువ సుమారు 1/137. దీనికి యూనిట్లు లేవు కాబట్టి మీటర్లలో కొలిచినా మైళ్లలో కొలిచినా అదే సంఖ్య వస్తుంది. అది అంతే ఎందుకు ఉండాలో ఇప్పటికీ ఏ సిద్ధాంతమూ చెప్పలేదు. వైస్కాఫ్ ఒకప్పుడు జ్యూరిక్‌లో భౌతిక శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పౌలీ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేశాడు. ఆ పౌలీకి ఈ సంఖ్య మీద జీవితమంతా ధ్యాసే. 1958 డిసెంబరులో జబ్బుచేసి ఆసుపత్రిలో చేరితే ఆయనకు దొరికిన గది నంబరు 137. డిసెంబరు 15న అక్కడే చనిపోయాడు.

ఇంతవరకూ విన్నవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. చాలామంది ఇక్కడితో ఆపేసి, చూశారా, ప్రాచీనులకు అన్నీ ముందే తెలుసు అని తేల్చేస్తారు. ఇంకొక్క అడుగు వేస్తే కథ మారిపోతుంది. ఆ విలువ కచ్చితంగా 137 కాదు, 137.036కు దగ్గర. గెమాత్రియాలో దశాంశాలు ఉండవు. పైగా అది అన్ని చోట్లా ఒకటే కూడా కాదు. మామూలు తక్కువ శక్తుల దగ్గర 1/137గా కనిపించేది, పార్టికల్ యాక్సిలరేటర్లలో కణాల్ని ఎక్కువ శక్తితో ఢీకొట్టించినప్పుడు, జడ్ బోసాన్ అనే బరువైన కణం పుట్టే శక్తి స్థాయికి వచ్చేసరికి 1/128 దగ్గరికి చేరుతుంది. మనకు కొలవడం ముందుగా కుదిరింది తక్కువ శక్తుల దగ్గర. అందుకే 137కి పేరొచ్చింది.

ఈ ఆకర్షణకు లొంగిపోయింది మతం వైపున్నవాళ్లే అనుకుంటే పొరపాటు. 1919 గ్రహణం నాడు ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి సాక్ష్యం సేకరించిన ఆర్థర్ ఎడింగ్టన్, ఈ సంఖ్య 136 అయి తీరాలని కేవలం ఆలోచనతోనే రుజువు చేయబోయాడు. కొలతలు 137 వైపు వెళ్లేసరికి ఇంకో ఒకటి కలపడానికి కారణం వెతికిపెట్టాడు. అంత పెద్ద శాస్త్రవేత్త కూడా సంఖ్య అందానికి పడిపోయాడు.

గెమాత్రియాను పుట్టించినవాళ్లు దాన్ని కొలబద్దగా అనుకోలేదు. హీబ్రూలో ‘ఎఖాద్’ అంటే ఒకటి. దాని విలువ 13. ‘అహవా’ అంటే ప్రేమ. దాని విలువా 13. రెండూ కలిపితే 26. పైకి పలకకూడదని యూదులు భావించే నాలుగక్షరాల దైవనామం విలువ కూడా 26. ప్రేమ, ఏకత్వం కలిస్తే దేవుడు అని ఒక మాట చెప్పడానికి ఇది దారి. మన కవుల చేతిలో శ్లేష చేసే పనే ఇక్కడ సంఖ్య చేస్తోంది. శ్లేషను ప్రయోగశాలకు తీసుకెళ్లి పరీక్షించరు.

కబాలా సైన్స్‌ను ముందే చెప్పేసిందా అన్న ప్రశ్న దగ్గర కూర్చుంటే ఎప్పటికీ ఇలాంటి కాకతాళీయాలే చేతికొస్తాయి. రెంటికీ నిజంగా చుట్టరికం ఉంది. కాకపోతే అది జనం వెతికే చోట లేదు.

అక్షరాల లెక్క

‘సెఫెర్ యెత్సిరా’ అనే చిన్న పుస్తకం ఉంది. పేరుకు అర్థం సృష్టి గ్రంథం. కొన్ని పేజీలకు మించదు. ఎప్పుడు రాశారన్న దాని మీద పండితుల వాదన తెగలేదు కానీ, పదో శతాబ్దానికే దాని మీద వ్యాఖ్యానాలు వచ్చాయి. దేవుడు 32 మార్గాల్లో లోకాన్ని చెక్కాడని అది మొదలవుతుంది. పది సెఫిరోత్ (దేవుడి శక్తి వెలువడే పది రూపాలని తర్వాతి కబాలా చెబుతుంది), ఇరవై రెండు హీబ్రూ అక్షరాలు, వెరసి 32. ఆ అక్షరాల్ని మూడుగా, ఏడుగా, పన్నెండుగా విడగొడుతుంది. మూడు అక్షరాలు గాలి, నీరు, నిప్పు. ఏడు అక్షరాలు ఏడు గ్రహాలు, వారంలో ఏడు రోజులు. పన్నెండు అక్షరాలు పన్నెండు రాశులు, పన్నెండు నెలలు.

ఆ ఏడు గ్రహాలు మనకు తెలిసినవే. నవగ్రహాల్లోంచి రాహుకేతువుల్ని తీసేస్తే మిగిలేవి. అంటే ఆ పుస్తకం తన కాలపు ఖగోళ జ్ఞానాన్నే పునాదిగా తీసుకుంది. 1781లో యురేనస్‌ను కనుక్కున్నాక ఆ ఏడు అనే లెక్క ఆకాశంలో నిలబడలేదు. ఇందులో ఆ పుస్తకాన్ని తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. కాలాతీత జ్ఞానం అని దాన్ని అమ్మేవాళ్లు మాత్రం ఈ విషయం దగ్గర ఆగరు.

అదే పుస్తకంలో నాలుగో అధ్యాయంలో ఇంకో చోటుంది. ఇక్కడ ఆగాలి. రాళ్లంటే అక్షరాలు, ఇళ్లంటే వాటితో కట్టే మాటలు. రెండు రాళ్లు రెండు ఇళ్లు కడతాయి అంటుంది. మూడు రాళ్లు ఆరు ఇళ్లు కడతాయి. నాలుగు రాళ్లు 24, ఐదు రాళ్లు 120, ఆరు రాళ్లు 720, ఏడు రాళ్లు 5,040. ఆపైన నువ్వే వెళ్లి లెక్కపెట్టుకో, నోరు పలకలేనంత, చెవి వినలేనంత వస్తుంది అని ముగిస్తుంది.

ఇంటర్ లెక్కల పుస్తకం తెరిచినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. ఫ్యాక్టోరియల్. రెండు అక్షరాల్ని రెండు వరసల్లో పేర్చొచ్చు. మూడోది వచ్చి చేరితే, ముందున్న ప్రతి వరసలోనూ అది కూర్చోడానికి మూడు చోట్లుంటాయి కాబట్టి ఆరు. నాలుగోదానికి నాలుగు చోట్లు, అందుకే 24. నోరు పలకలేనంత అన్నది అతిశయోక్తి కాదు. మొత్తం ఇరవై రెండు అక్షరాల్నీ ఇలా పేరిస్తే వచ్చే సంఖ్యలో 22 అంకెలుంటాయి. సెకనుకు ఒక వరస చొప్పున పలుకుతూ పోతే, పూర్తయ్యేసరికి ఇప్పటి విశ్వం వయసుకు రెండున్నర వేల రెట్లు కాలం పడుతుంది.

దేవుడు లోకాన్ని ఎలా చేశాడన్న ప్రశ్న వెంట పడి వాళ్లు గణితంలోకి వచ్చారు. మన ఛందస్సులో గురులఘువుల ప్రస్తారం వేసినవాళ్లు కూడా పద్యం కోసం బయల్దేరి ఇలాంటి లెక్క దగ్గరికే చేరారు. ఆ పుస్తకానికి తొలి వ్యాఖ్యానాలు రాసినవాళ్లను చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. 931లో వ్యాఖ్య రాసిన సాదియా గావోన్ తత్త్వవేత్త. దక్షిణ ఇటలీలో రాసిన షబ్బెతాయ్ దొన్నోలో వైద్యుడు. ఉత్తర ఆఫ్రికాలోని కైరవాన్‌లో రాసిన దునాష్ ఇబ్న్ తమీమ్ కూడా వైద్యుడే, ఖగోళం తెలిసినవాడు. వీళ్లకు అది ధ్యాన గ్రంథం కంటే లోకం ఎలా కట్టి ఉందో చెప్పే శాస్త్ర గ్రంథంగానే కనిపించింది. తర్వాత 1321లో లెవి బెన్ గెర్షోమ్ ప్రస్తారాల సూత్రాల్ని హీబ్రూలో పద్ధతిగా రుజువు చేశాడు. ఆయన కబాలిస్టు కాదు, గట్టి హేతువాది. ఒక మార్మిక పుస్తకంలో మొలకెత్తిన లెక్క కూడా అలా హేతువాదులు పండించిన పొలంలోకి చేరింది.

సఫెద్ నుంచి బిగ్ బ్యాంగ్‌కు

కబాలాను సైన్స్‌తో ముడిపెట్టేవాళ్లు ఎక్కువగా పట్టుకునేది ‘త్సిమ్‌త్సుమ్’ అనే భావనను. దీని కథ గలిలయ కొండల మీది సఫెద్ అనే ఊళ్లో మొదలవుతుంది. 1492లో స్పెయిన్ తన యూదుల్ని వెళ్లగొట్టింది. తరతరాలుగా అక్కడే ఉన్న కుటుంబాలు రాత్రికి రాత్రి కాందిశీకులయ్యాయి. వాళ్లలో కొందరు, వాళ్ల పిల్లలు సఫెద్ చేరారు. 1570లో ఈజిప్టు నుంచి ఐజాక్ లురియా అనే యువకుడు అక్కడికి వచ్చాడు. రెండేళ్లకే, 1572లో, అంటువ్యాధి సోకి 38వ ఏట పోయాడు. తన చేత్తో రాసింది దాదాపు ఏమీ లేదు. మనకు తెలిసిందంతా ఎక్కువగా శిష్యుడు హయీమ్ విటాల్ రాసిపెట్టిందే.

లురియా చెప్పింది ఇది. మొదట అనంతమే ఉంది. దానికి ‘ఏన్ సోఫ్’ అని పేరు, అంతం లేనిది అని అర్థం. అంతటా అదే నిండి ఉంటే లోకానికి చోటెక్కడ? అందుకని దేవుడు తనలోకి తాను ముడుచుకుని ఒక ఖాళీని విడిచాడు. ఆ ముడుచుకోవడమే త్సిమ్‌త్సుమ్. ఆ ఖాళీలోకి ఒక కాంతిరేఖను పంపాడు. ఆ కాంతిని పట్టుకోడానికి పాత్రలుంటే, పైనున్న మూడూ తట్టుకున్నాయి, కిందివి తట్టుకోలేక పగిలిపోయాయి. ఆ పెంకులతో పాటు కాంతి కణికలు కిందపడి లోకమంతా చెదిరాయి. వాటిని ఏరి పైకి చేర్చడం మనిషి పని. ఆ పనిని ‘తిక్కూన్’ అంటారు, అంటే బాగుచేయడం.

ఇది వినగానే బిగ్ బ్యాంగ్ గుర్తొస్తుంది. ఒక మొదలు, ఒక కాంతి, ఒక చెదరడం. పోలిక అంతవరకే. బిగ్ బ్యాంగ్ అంటే ముందే ఉన్న ఖాళీలో ఏదో పేలడం అని చాలామంది ఊహించుకుంటారు. భౌతిక శాస్త్రం చెప్పేది అది కాదు. పేలుడు జరిగే చోటు బయట ఎక్కడా లేదు. చోటే సాగుతూ వచ్చింది. లురియా కథలో ముందు ఖాళీ ఏర్పడాలి, తర్వాత కాంతి రావాలి. సైన్స్ కథలో అలాంటి క్రమం లేదు. తొలినాళ్లలో మహా వేడిగా, చిక్కగా ఉన్న విశ్వం వ్యాపిస్తూ చల్లారింది. పాత్రలు పగలడం లాంటిది అందులో ఎక్కడా రాదు.

అసలు లురియా కథలో గుండెకాయ వేరే. దేవుడు తన చోటు నుంచి తానే తప్పుకున్నాడు. కాంతి తన ఇంటి నుంచి చెదిరిపోయింది. ఈ కథ విన్నవాళ్లు తమ చోటు నుంచి తరిమివేతకు గురైనవాళ్ల పిల్లలు. ప్రవాసం అనేది తమకు పట్టిన శిక్ష మాత్రమే కాదని, సృష్టి మొదటి క్షణంలోనే ఉందని, దేవుడు కూడా ప్రవాసంలోనే ఉన్నాడని వాళ్లకు ఇది చెప్పింది. షోలెమ్ దీన్ని ఇలాగే చదివాడు. ఆ తర్వాతి పండితుల్లో కొందరు ఆ కారణాన్ని అంత సూటిగా ఒప్పుకోలేదు కానీ, ఆ కథకున్న బరువును ఎవరూ కాదనలేదు. దాన్ని పట్టుకెళ్లి విశ్వోద్భవ సమీకరణాల పక్కన నిలబెడితే ఆ బరువంతా పోతుంది.

లురియా కంటే ముందు, పదమూడో శతాబ్దంలో, స్పెయిన్‌లోని జిరోనాకు చెందిన నహ్మనిదెస్ ఆదికాండానికి రాసిన వ్యాఖ్యలో సృష్టి మొదటి పదార్థాన్ని పదార్థమే లేని ఒక సన్నని చిన్న బిందువుతో పోల్చాడు. దీన్ని కూడా బిగ్ బ్యాంగ్‌కు ముందస్తు సాక్ష్యంగా చూపిస్తుంటారు. కానీ ఆయన దాపరికం లేకుండా, గ్రీకులు దీన్నే ‘హ్యూలె’ అంటారని అక్కడే చెప్పాడు. అంటే తన కాలపు గ్రీకు విజ్ఞానంతో గ్రంథాన్ని అర్థం చేసుకుంటున్నాడు. ఆ శతాబ్దం చివర్లో స్పెయిన్‌లోని క్యాస్టీల్‌లో వెలుగుచూసిన, కబాలాకు మూలస్తంభమైన ‘జోహార్’ గ్రంథంలో భూమి బంతిలా ఉంటుందని, కొందరికి పగలైనప్పుడు మరికొందరికి రాత్రి అని ఉంది. చదువుతుంటే ముచ్చటేస్తుంది. అయితే భూమి గుండ్రంగా ఉందన్నది అరిస్టాటిల్ కాలం నాటికే తెలుసు. అదే క్యాస్టీల్‌లో, అదే శతాబ్దంలో, టొలెడోలో యూదు పండితులు రాజు కోసం గ్రహగతుల పట్టికలు కట్టారు. జోహార్ గాల్లోంచి ఊడిపడలేదు. దాని పక్క వీధిలో ఖగోళ శాస్త్రం ఉంది.

ఈ సందర్భంలో జార్జ్ లెమైత్ర్‌ను తలుచుకోవాలి. విశ్వం ఒక మొదటి అణువు నుంచి వ్యాపించిందని చెప్పినవాడు ఆయనే. పైగా క్యాథలిక్ పూజారి. 1951లో పోప్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి రుజువుగా చూపబోతే, లెమైత్ర్‌కు అది నచ్చలేదు. రెంటినీ కలపవద్దన్నాడు. సిద్ధాంతం రేపు మారితే విశ్వాసం కూడా దానితో కూలాలా అన్నది ఆ పట్టింపు వెనకున్న భయం.

1,534 కోట్ల ఏళ్లు

ఒక్క ఉదాహరణ మాత్రం మిగతావాటికంటే గట్టిగా కనిపిస్తుంది. దాన్ని జాగ్రత్తగా విప్పాలి. లోకం చక్రాలు చక్రాలుగా పుట్టి ముగుస్తుందని కొందరు కబాలిస్టులు నమ్మారు. అక్కా (ఏకర్) అనే ఊరికి చెందిన ఐజాక్ అనే కబాలిస్టు, పదమూడు పద్నాలుగు శతాబ్దాల మధ్య మనిషి, ఆ సృష్టి చక్రాల ఏళ్లను దేవుడి ఏళ్లుగా లెక్కపెట్టాలన్నాడు. దేవుడి ఒక రోజు మనుషుల వెయ్యేళ్లని బైబిల్ కీర్తనల్లో ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో ఫిజిక్స్ చదివిన రబ్బీ (యూదు మతగురువు) అర్యే కప్లాన్ దాన్ని పట్టుకుని లెక్క వేశాడు. మనకు ముందు ఆరు చక్రాలు, ఒక్కోటి 7,000 ఏళ్లు, కాబట్టి 42,000. ఒక్కో ఏడులో 365.25 రోజులు, ఒక్కో రోజు వెయ్యేళ్లు. గుణిస్తే 1,534 కోట్ల సంవత్సరాలు. సైన్స్ ఇప్పుడు చెప్పే విశ్వం వయసు 1,380 కోట్లు. ఏడు వందల ఏళ్ల కిందటి మనిషి ఇంత దగ్గరికి వచ్చాడా అనిపిస్తుంది.

ఇంత దగ్గరికి వచ్చింది ఆ పాత మనిషి కాదు. గుణకారం చేసినవాడు కప్లాన్. అప్పటికి శాస్త్రవేత్తలు వెయ్యి నుంచి రెండు వేల కోట్ల మధ్య అంచనాలు వేస్తున్నారు. ఎక్కడ దిగాలో తెలిసిన తర్వాత వేసిన లెక్క అది. పైగా కబాలిస్టులందరూ మనం ఏడో చక్రంలో ఉన్నామని ఒప్పుకోలేదు. ఆ చక్రాల గురించి చెప్పే ముఖ్య గ్రంథం ‘సెఫెర్ హ తెమునా’ ప్రకారం మనం రెండో చక్రంలో ఉన్నాం. అప్పుడు ముందు గడిచింది ఒక్క చక్రమే, 7,000 ఏళ్లు. అదే సూత్రంతో గుణిస్తే 256 కోట్ల ఏళ్లకు కాస్త తక్కువ వస్తుంది. భూమి వయసే 454 కోట్లు. ఆ సంఖ్యను ఎవరూ చూపించరు.

మనకూ ఇది కొత్త కాదు. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల ఏళ్లని పురాణాలు చెబుతాయి. భూమి వయసు పక్కన పెట్టి మురిసిపోయేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. కోట్ల ఏళ్ల కాలాన్ని ఊహించగలగడం గొప్పే. క్రీస్తుకు నాలుగు వేల ఏళ్ల ముందు సృష్టి జరిగిందని యూరప్ అంకెలు కడుతున్న రోజులు చాలాకాలం నడిచాయి. ఆ ఊహకు ఇవ్వాల్సిన మర్యాద ఇవ్వాలి. దాన్ని కొలత అనకూడదు.

స్ట్రింగ్ సిద్ధాంతంలో పది పరిమాణాలు (డైమెన్షన్లు), కబాలాలో పది సెఫిరోత్ అన్న పోలిక దగ్గర ఎక్కువసేపు నిలబడనక్కర్లేదు. స్ట్రింగ్ సిద్ధాంతం తొలి రూపానికి 26 కావాలి, తర్వాత వచ్చిన ఎం సిద్ధాంతానికి 11 కావాలి. సెఫెర్ యెత్సిరా అయితే పట్టుబట్టి మరీ చెప్పింది: పది, తొమ్మిది కాదు. పది, పదకొండు కాదు.

మనుషుల దారిలో

పుస్తకాల మధ్య వెతికితే దొరకని చుట్టరికం మనుషుల జీవితాల్లో దొరుకుతుంది. యోసెఫ్ దెల్మెదిగో క్రీట్ ద్వీపంలో పుట్టిన యూదు వైద్యుడు. పదిహేనేళ్లప్పుడు పాదువా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అక్కడ పాఠం చెప్పింది గెలీలియో. ఆయన టెలిస్కోపులోంచి ఆకాశం చూశాడు. తర్వాత తన పుస్తకంలో గురువును ‘రబ్బీ గెలీలియో’ అని రాసుకున్నాడు. యూదుడికి రబ్బీ అంటే పాఠం చెప్పిన పెద్ద. క్రైస్తవుడైన ఖగోళ శాస్త్రవేత్తకు ఆ మాట ఇచ్చేశాడు. 1629లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ఆయన రచనలో కోపర్నికస్ వైపు మొగ్గు ఉంది. అదే మనిషి కబాలాను ఒక చోట వెనకేసుకొచ్చాడు, ఇంకో చోట ఎగతాళి చేశాడు. ఏది మనస్ఫూర్తిగా అన్నాడో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఒకే తలలో రెండు లోకాలు కాపురం చేస్తే మాట అలాగే తడబడుతుంది.

క్రైస్తవ యూరప్‌లోకి కబాలా వెళ్లిన దారి కూడా ఆసక్తికరం. 1677, 1684 సంవత్సరాల్లో క్నోర్ ఫాన్ రోజెన్‌రోట్ లురియా సంప్రదాయ రచనల్ని, జోహార్ భాగాల్ని లాటిన్‌లోకి తెచ్చి రెండు సంపుటాలుగా అచ్చువేశాడు. జర్మన్ తత్త్వవేత్త, గణితవేత్త లైబ్నిజ్ ఆయన ఇంటికి వెళ్లి కలిశాడు. ఇంగ్లండ్‌లో ఆన్ కాన్వే అనే తత్త్వవేత్త ఆ సంపుటాల్లోని ఆలోచనల్ని వాడుకుని, జడ పదార్థం అనేదే లేదని, అంతటా ఏదో ఒక మేర జీవం ఉందని వాదించింది. లైబ్నిజ్ ఆమెను మెచ్చుకున్నాడు. లోకమంతా మొనాడ్‌లు అనే, విడదీయలేని జీవ బిందువులతో కట్టి ఉందన్న ఆయన సిద్ధాంతంలో దీని జాడ ఎంతన్నది చర్చకు నిలిచే విషయం, పూర్తిగా కొట్టిపారేసేది కాదు. న్యూటన్ దగ్గర కూడా ఆ సంపుటాలున్నాయి. చదివాడు, ఒప్పుకోలేదు. ప్రాచీన మతాన్ని చెడగొట్టిన ఊహాగానాల్లో ఒకటిగా కబాలాను చూశాడు. ప్రభావం అంటే ఒప్పుకోవడమే కానక్కర్లేదు.

ఇక అనంతాన్నే లెక్కలోకి తెచ్చిన జార్జ్ కాంటర్. అనంతాల్లో చిన్నవీ పెద్దవీ ఉంటాయని రుజువు చేసి, 1895లో వాటికి హీబ్రూ మొదటి అక్షరం ‘అలెఫ్’ను గుర్తుగా పెట్టాడు. ఏన్ సోఫ్ కూడా అలెఫ్‌తోనే మొదలవుతుంది కాబట్టి కబాలా నుంచే తీసుకున్నాడని చాలాచోట్ల రాస్తారు. అందుకు ఆధారం లేదు. కాంటర్ లూథరన్‌గా పెరిగాడు. గ్రీకు, లాటిన్ అక్షరాలన్నీ అప్పటికే వేరే పనులకు వాడేశారు. అలెఫ్ జర్మన్ అచ్చు కార్ఖానాల్లో సిద్ధంగా దొరుకుతుంది. దాని విలువ ఒకటి, అంటే కొత్త మొదలు. ఆయన కారణాలు ఇవీ. అయినా ఒక పోలిక మనసులోంచి పోదు. లెక్కకు అందే అనంతాలన్నిటికీ పైన, లెక్కకు అందని పరమ అనంతం ఒకటుందని, అది దేవుడని కాంటర్ గట్టిగా నమ్మాడు. ఆ విషయం మీద క్యాథలిక్ వేదాంతులకు ఉత్తరాలు రాశాడు. పది సెఫిరోత్ గురించి ఎంతైనా మాట్లాడొచ్చు, వాటి వెనకున్న ఏన్ సోఫ్ గురించి ఏమీ చెప్పలేమన్న కబాలిస్టుల మాటా ఇదే ఆకారంలో ఉంటుంది. ఒకరి నుంచి ఒకరు తీసుకోకపోయినా, అనంతం గురించి నిజాయితీగా ఆలోచించినవాళ్లు ఒకే గోడ దగ్గరికి వచ్చి ఆగారు.

కబాలిస్టులు సైన్స్‌ను దూరం పెట్టారనుకోవడం కూడా తప్పు. 1797లో బ్ర్నో పట్నంలో, రాసినవారి పేరు లేకుండా, ‘సెఫెర్ హ బ్రిత్’ అనే హీబ్రూ పుస్తకం వచ్చింది. రాసింది పిన్హాస్ హుర్విట్జ్. ఆయనకు కావాల్సింది పాఠకుల్ని ఆధ్యాత్మిక సాధనకు సిద్ధం చేయడం. అందుకోసం మొదట ఖగోళం, భూగోళం, ప్రకృతి శాస్త్రం అన్నీ చెప్పాడు. కోపర్నికస్‌ను మాత్రం ఒప్పుకోలేదు. ఆ తర్వాత వందేళ్లకు పైగా, విశ్వవిద్యాలయం గడప తొక్కని ఎందరో యూదు కుర్రాళ్లకు సైన్స్ మొదటిసారి ఆ పుస్తకంలోనే పరిచయమైంది. ఇరవయ్యో శతాబ్దంలో రబ్బీ అబ్రహాం కూక్ పరిణామ సిద్ధాంతాన్ని చూసి జంకలేదు. లోకం కిందినుంచి పైకి ఎదుగుతోందనే ఆ ఆలోచన కబాలా రహస్యాలకు మిగతా తత్త్వాలకంటే దగ్గరగా ఉందన్నాడు. డార్విన్‌ను కబాలా ముందే కనుక్కుందని ఆయన అనలేదు. వచ్చిన సైన్స్‌ను ఎలా స్వీకరించాలో చెప్పాడు. రెంటికీ తేడా చాలా ఉంది.

గ్రంథంలో రహస్యం దాగి ఉందన్న మాటను నిజంగా సైన్స్ పద్ధతిలో పరీక్షించిన సందర్భం కూడా ఒకటుంది. 1994లో స్టాటిస్టికల్ సైన్స్ అనే పత్రికలో ముగ్గురు పరిశోధకుల పేపర్ వచ్చింది. వాళ్లలో ఎలియాహు రిప్స్ పేరున్న గణితవేత్త. ఆదికాండంలో సమాన దూరాల్లో ఉన్న అక్షరాల్ని ఏరితే, ఎప్పుడో తర్వాత పుట్టిన రబ్బీల పేర్లూ వాళ్ల తేదీలూ దగ్గర దగ్గరగా వస్తున్నాయని, ఇది యాదృచ్ఛికం కాదని అందులో రాశారు. 1999లో అదే పత్రికలో నలుగురు జవాబిచ్చారు. ముగ్గురు ఇజ్రాయెల్ వాళ్లే. కిటుకు రబ్బీల పేర్ల జాబితాలో ఉందని చూపించారు. ఒకే మనిషికి హీబ్రూలో చాలా రకాల పేర్లు, బిరుదులు, స్పెల్లింగులు ఉంటాయి. ఏవి తీసుకోవాలన్న దాంట్లో కొంచెం వెసులుబాటు దొరికినా చాలు. ఆ వెసులుబాటుతో టాల్‌స్టాయ్ నవల హీబ్రూ అనువాదంలో కూడా అవే ‘అద్భుతాలు’ చూపించారు. ఆ వాదన అక్కడితో శాస్త్రవేత్తల మధ్య నిలబడలేదు. ఇందులో మెచ్చుకోవాల్సింది ఒకటుంది. మొదటి ముగ్గురూ తమ మాటను పరీక్షకు నిలబెట్టారు. 137 గురించి చెప్పేవాళ్లు ఆ పని చేయరు.

రెహోవోత్‌లో గోలెమ్

యూదుల ప్రాచీన ధర్మ గ్రంథం తల్ముద్‌లో చిన్న కథ ఉంది. రవా అనే పండితుడు ఒక మనిషిని తయారుచేసి రబ్బీ జెయిరా దగ్గరికి పంపాడు. జెయిరా పలకరించాడు. వాడు బదులు పలకలేదు. నువ్వు మావాళ్లు చేసినవాడివి, నీ మట్టిలోకి నువ్వు వెళ్లిపో అన్నాడు జెయిరా. తర్వాతి శతాబ్దాల్లో ఇలాంటి మట్టి మనిషికి గోలెమ్ అన్న పేరు స్థిరపడింది. సెఫెర్ యెత్సిరా అక్షరాల్ని వరసగా పేర్చి చదివితే గోలెమ్‌కు ప్రాణం వస్తుందన్నారు. పదహారో శతాబ్దపు ప్రాగ్ రబ్బీ మహరల్ గోలెమ్‌ను చేశాడన్న కథ మాత్రం చాలా తర్వాతిది. పందొమ్మిదో శతాబ్దంలోనే వ్యాపించింది. ఆ కథను ప్రాగ్‌లో అచ్చువేసి ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో వోల్ఫ్ పాషెలెస్ ఒకడు. 137 గదిలో చనిపోయిన పౌలీకి ఆయన ముత్తాత.

1960ల్లో ఇజ్రాయెల్‌లోని రెహోవోత్‌లో, వైజ్‌మన్ సంస్థలో, కొత్త కంప్యూటర్ తయారైంది. దానికి ‘గోలెమ్ అలెఫ్’ అని పేరు పెట్టమని షోలెమ్ సూచించాడు. యంత్రం కట్టించిన హయీమ్ పెకెరిస్ ఒప్పుకుని, అయితే ప్రారంభం రోజున వచ్చి ఎందుకా పేరో మీరే చెప్పాలన్నాడు. 1965 జూన్ 17న షోలెమ్ వెళ్లి మాట్లాడాడు. ప్రాగ్ గోలెమ్‌కు 22 అక్షరాలు కావాల్సి వచ్చింది, ఈ రెహోవోత్ గోలెమ్‌కు సున్నా, ఒకటి అనే రెండు అంకెలు చాలు అన్నాడు. విమాన శాస్త్రంలో పేరుపొందిన ఫాన్ కార్మాన్ తాను మహరల్ వంశం వాడినని గర్వంగా చెప్పుకునేవాడు. ఆ సంగతి గుర్తుచేసి, కంప్యూటర్లకు దారివేసిన ఫాన్ నాయ్‌మన్, నోర్బర్ట్ వీనర్ కూడా ఆలోచనలో మహరల్ వారసులే అన్నాడు.

జీవితమంతా మార్మిక గ్రంథాలు చదివినవాడు ఆ రోజు కబాలా కంప్యూటర్‌ను ముందే కనుక్కుందని అనలేదు. ఆయన చదువు మొదలైంది గణితంతో. అక్షరాల్ని వరసల్లో పేరుస్తూ పోతే అందులోంచి ఒక లోకం పుడుతుందన్న ఊహకు ఎంత దూరం నడిచే శక్తి ఉందో ఆయనకు రెండు వైపుల నుంచీ తెలుసు.

పదమూడో శతాబ్దపు రాతప్రతుల్లో ఉన్న ఇంకో గోలెమ్ కథ షోలెమ్‌కు చాలా ఇష్టం. యిర్మియా ప్రవక్త, కొడుకు బెన్ సీరా మూడేళ్లు సెఫెర్ యెత్సిరా చదివి ఒక మనిషిని చేశారు. వాడి నుదుట దేవుడు సత్యం అని రాసి ఉంది. సత్యం అంటే హీబ్రూలో ‘ఎమెత్’. వాడి చేతిలో కత్తి ఉంది. ఆ కత్తితో వాడు ఎమెత్‌లోని మొదటి అక్షరం అలెఫ్‌ను గీకేశాడు. మిగిలింది ‘మెత్’, అంటే చచ్చినవాడు. ఇదేం పని అని యిర్మియా అడిగితే, వాడొక మేస్త్రీ కథ చెప్పాడు. ఒకడు అద్భుతంగా ఇళ్లు కట్టేవాడు. ఇద్దరు అతని దగ్గర పని నేర్చుకుని, అతని కంటే చవగ్గా కడతామని బయల్దేరారు. జనం మేస్త్రీని వదిలి వాళ్ల దగ్గరికి పోయారు. ఇప్పుడు మీరూ మనిషిని చేశారు, ఇక చేసిన దేవుణ్ణి ఎవరు తలుస్తారు అన్నాడు. మరేం చేయాలని యిర్మియా అడిగాడు. అక్షరాల్ని వెనక్కి తిప్పి చదవండి, నన్ను మట్టి చేయండి అన్నాడు గోలెమ్. వాళ్లు అలాగే చేశారు.

ఆ కథలో కత్తికి తెగిపోయిన అక్షరాన్నే షోలెమ్ ఏరి తెచ్చి కంప్యూటర్‌కు పేరుగా పెట్టాడు. అది యాదృచ్ఛికమో కాదో గానీ, ప్రసంగం చివర ఆ యంత్రాన్నీ దాన్ని చేసినవాళ్లనూ ఉద్దేశించి ఆయన కోరింది మాత్రం ఒక్కటే. శాంతిగా ఎదగండి, లోకాన్ని నాశనం చేయకండి అన్నాడు. షాలోమ్ చెప్పి కూర్చున్నాడు.